పగులు మీద స్టేడియం, వందేళ్ల అప్పు

భూకంప రేఖ మీదే ఉన్న తన ఫుట్‌బాల్ స్టేడియాన్ని అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం మళ్లీ కట్టుకుంది. నేల ఎంత జరుగుతుందో ఇంజినీర్లు ముందే లెక్కవేసి, అందుకు చోటు వదిలారు. డబ్బు లెక్కలో మాత్రం అలాంటి చోటు వదల్లేదు.

కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీలో, కొండవాలును ఆనుకుని, రోమ్ కొలోసియంను గుర్తుకుతెచ్చే గుండ్రటి కాంక్రీటు కట్టడం ఒకటి ఉంది. పేరు కాలిఫోర్నియా మెమోరియల్ స్టేడియం. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కాలిఫోర్నియా వాసుల స్మారకంగా దీన్ని 1923లో కట్టారు. 2010కి ముందు దాని పైఅంచు గోడ వెంట నడిచినవాళ్లకు ఒక వింత కనిపించేది. ఒకచోట గోడ రెండుగా విడిపోయి, ఒక ముక్క రెండోదానికంటే పక్కకు జరిగి ఉండేది. ఆ జరుగుడు ఒక అడుగుకు పైనే.

పునాది కుంగడం వల్లో, సిమెంటు నాణ్యత లేకపోవడం వల్లో వచ్చిన చీలిక కాదది. హేవర్డ్ ఫాల్ట్ అనే భూకంప రేఖ ఆ మైదానం కింద నుంచే, దాదాపు ఈ చివరి గోల్‌పోస్టు నుంచి ఆ చివరి గోల్‌పోస్టు దాకా పోతుంది. భూగర్భ శాస్త్రం తెలుగులో దీన్ని భ్రంశం అంటారు. రేఖకు పడమటనున్న నేల ఉత్తరం వైపు, తూర్పున ఉన్న నేల దక్షిణం వైపు జరుగుతూ ఉంటాయి. ఏటా 4 నుంచి 5 మిల్లీమీటర్లు. కంటికి కనిపించని ఈ జరుగుడు ఎనభై ఏళ్లు పోగుపడితే గోడ మీద అడుగు ఎడంగా తేలింది.

ఇలాంటి చోట సుమారు 63,000 మంది కూర్చునే స్టేడియాన్ని మళ్లీ కట్టాలంటే రెండు చిక్కుముడులు విప్పాలి. కదిలే నేల మీద కాంక్రీటు పగలకుండా ఎలా నిలుస్తుంది? అందుకయ్యే కోట్లాది డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయి? మొదటిది ఇంజినీర్ల ముందు, రెండోది విశ్వవిద్యాలయ అధికారుల ముందు నిలిచింది.

కాలేజీ ఆటకు ఇంత హంగా?

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో బంతి తన్నే ఆట కాదు. హెల్మెట్లు, భుజకవచాలు వేసుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ కాలేజీ జట్ల మ్యాచ్‌లకు వచ్చే జనాన్ని చూస్తే మన దగ్గర చాలా క్రికెట్ టెస్టు వేదికలు చిన్నబోతాయి. మిషిగన్ విశ్వవిద్యాలయ స్టేడియంలోనే లక్షా ఏడువేలకు పైగా సీట్లున్నాయి. టికెట్లు, టీవీ హక్కులు, పూర్వ విద్యార్థుల విరాళాలు కలిసి ఈ ఆటను పెద్ద వ్యాపారంగా మార్చేశాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో మిగతా క్రీడల ఖర్చును భరించేది కూడా ఫుట్‌బాల్ ఆదాయమే.

అందుకే స్టేడియం పాతబడితే ఒత్తిడి మొదలవుతుంది. బర్క్‌లీలో దానికి భూకంప భయం తోడైంది. 1989 అక్టోబరులో లోమా ప్రియేటా భూకంపం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని కుదిపేసింది. 1990ల చివర్లో విశ్వవిద్యాలయం తన భవనాలన్నిటి భద్రతనూ పరిశీలింపజేసినప్పుడు ఈ స్టేడియానికి దక్కిన మార్కు ‘బలహీనం’. అంటే భూకంపం వస్తే లోపలున్నవారి ప్రాణాలకు చెప్పుకోదగ్గ ముప్పు ఉందని.

భూమి కట్టే వడ్డీ

హేవర్డ్ ఫాల్ట్ పొడవు వంద కిలోమీటర్లకు పైనే. పసిఫిక్ భూఫలకం, ఉత్తర అమెరికా భూఫలకం ఒకదాని పక్క నుంచి మరొకటి రాసుకుంటూ పోయేచోట ఏర్పడిన అనేక పగుళ్లలో ఇదొకటి. ఇలాంటి పగుళ్ల దగ్గర నేల రెండు రకాలుగా జరుగుతుంది. కొన్ని చోట్ల రెండు వైపులా గట్టిగా బిగుసుకుపోయి, ఒత్తిడి తట్టుకోలేనప్పుడు ఒక్క ఉదుటున జారుతుంది. అదే భూకంపం. మరికొన్ని చోట్ల ఏ చప్పుడూ లేకుండా కొద్దికొద్దిగా జారుతూ ఉంటుంది. దీన్ని క్రీప్ అంటారు.

హేవర్డ్ ఫాల్ట్ ప్రత్యేకత ఏమిటంటే ఇక్కడ రెండూ ఉన్నాయి. దీర్ఘకాల సగటు తీసుకుంటే రేఖకు ఇరువైపులా ఉన్న నేల ఏటా 9 మిల్లీమీటర్ల మేర ఎడం కావాలి. కానీ పైపొరలో మెల్లగా జారుతున్నది అందులో సగమే. మిగతా సగం లోతున పోగుపడుతోంది. అప్పు చేసినవాడు ఏటా వడ్డీ మాత్రం కట్టి అసలును ముట్టుకోకపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. క్రీప్ రూపంలో నేల కట్టేది వడ్డీ. అసలు ఏదో ఒకరోజు ఒకేసారి వసూలవుతుంది.

చివరిసారి అలా వసూలైంది 1868 అక్టోబరు 21న. ఆ భూకంప తీవ్రత సుమారు 6.8 ఉంటుందని అంచనా. అప్పట్లో జనం పలచగా ఉన్నా దాదాపు 30 మంది చనిపోయారు. అంతకుముందు సంగతి తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఫాల్ట్‌కు అడ్డంగా కందకాలు తవ్వి, మట్టి పొరల్లో తెగిన గుర్తులను వెతికి, వాటి వయసు లెక్కగట్టారు. సుమారుగా 1315, 1470, 1630, 1725 సంవత్సరాల్లో పెద్ద భూకంపాలు వచ్చినట్టు తేలింది. 1868తో కలిపి చూస్తే సగటున 140 ఏళ్లకొకటి. 1868కి 140 కలిపితే 2008. స్టేడియం గురించి వాదోపవాదాలు తారస్థాయికి చేరిన సంవత్సరం కూడా అదే.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంచనా ప్రకారం 2014–2043 మధ్య ఈ ఫాల్ట్ మీద, దానికి కొనసాగింపుగా ఉత్తరాన ఉన్న రాడ్జర్స్ క్రీక్ ఫాల్ట్ మీద 6.7 లేదా అంతకంటే ఎక్కువ తీవ్రతతో భూకంపం వచ్చే అవకాశం 33 శాతం. అంటే మూడింట ఒక వంతు.

కుదుపు వేరు, చీలిక వేరు

భూకంపం అనగానే మనకు తోచేది భవనాలు ఊగడం. 2001లో గుజరాత్‌లోని భుజ్‌లో జరిగిన విధ్వంసం ప్రధానంగా ఆ కుదుపు వల్లనే. అప్పుడు జారిన పగులు భూమి లోపలే ఉండిపోయింది, పైకి తేలలేదు. అదే కచ్ ప్రాంతంలో 1819లో వచ్చిన భూకంపం మరో రకం. నేల పైకి లేచి మైళ్ల పొడవున ఒక గట్టులా నిలబడింది. స్థానికులు దానికి అల్లాబంద్ అని పేరు పెట్టుకున్నారు. దేవుడు కట్టిన కట్ట అని అర్థం.

ఈ రెండింటికీ ఇంజినీరింగ్ వైద్యం వేరువేరు. కుదుపును తట్టుకునేలా స్తంభాలనూ దూలాలనూ బలంగా, వంగినా విరగకుండా కట్టుకోవచ్చు. కానీ భవనం కింద నేలే రెండుగా చీలి, ఒక సగం ఇటూ మరో సగం అటూ పోతే ఎంత ఉక్కు పోసినా పట్టి ఆపడం సాధ్యం కాదు. అందుకే 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత కాలిఫోర్నియా 1972లో ఆల్క్విస్ట్–ప్రియోలో చట్టం తెచ్చింది. చురుగ్గా ఉన్న ఫాల్ట్ రేఖకు అడ్డంగా మనుషులు ఉండే కొత్త భవనాలు కట్టకూడదని ఆ చట్టం చెబుతుంది. పాత భవనాలకు చేసే మార్పుల ఖర్చు కూడా భవనం విలువలో సగం దాటకూడదు.

ఈ ‘సగం’ నిబంధన దగ్గరే బర్క్‌లీ కథ కోర్టుకెక్కింది. నగరపాలక సంస్థ, కొండ మీది నివాసుల సంఘం, ఓక్ చెట్ల పరిరక్షణ సంస్థ 2006లో కేసులు వేశాయి. స్టేడియం పక్కన క్రీడాకారుల శిక్షణ భవనం కోసం కొట్టేయాల్సిన ఓక్ చెట్ల మీద నిరసనకారులు కాపురమే పెట్టారు. 2006 డిసెంబరులో చెట్లెక్కినవాళ్లు 2008 సెప్టెంబరులో గానీ దిగలేదు. శిక్షణ భవనం స్థలం ఫాల్ట్ రేఖ మీద ఉందా, పక్కన ఉందా అన్నది కీలకమైంది. భూగర్భ శాస్త్రవేత్తలు కందకాలు తవ్వి చూసి అది పక్కనే ఉందని తేల్చారు. చివరికి కోర్టు అనుమతినిచ్చింది.

ఆ భవనానికి ఒక భద్రతా తర్కం కూడా ఉంది. ఏడాదికి ఆరేడు మ్యాచ్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు అనుకుంటే స్టేడియం జనంతో నిండేది 28 గంటలు. ఏడాదిలో 8,760 గంటలుంటాయి. సరిగ్గా మ్యాచ్ వేళకే భూకంపం వచ్చే అవకాశం చాలా తక్కువ. కానీ పడమటి గ్యాలరీ కింద గదుల్లో క్రీడాకారులు, కోచ్‌లు, సిబ్బంది ఏడాది పొడవునా పనిచేసేవారు. అసలు ముప్పు వాళ్లకే. అందుకే ముందు వాళ్లకు వేరే భవనం కట్టి, ఆ తర్వాత స్టేడియం పని మొదలుపెట్టారు.

జారనివ్వడమే రక్ష

1923లో స్టేడియం కట్టినవాళ్లకు ఫాల్ట్ సంగతి తెలియనిది కాదు. రేఖ దాటే చోట్ల గోడలో ఎడాలు వదిలి, స్టేడియాన్ని రెండు సగాలుగా కట్టారు. కాకపోతే ఎంత జరుగుతుందో లెక్కగట్టే సాధనాలు అప్పట్లో లేవు. 2010 సీజన్ ముగిశాక పని చేపట్టిన ఇంజినీర్లు అదే ఆలోచనను చాలా ముందుకు తీసుకెళ్లారు.

వాళ్లు వేసుకున్న లెక్క ఇది: పెద్ద భూకంపం వస్తే స్టేడియం కింద నేల అడ్డంగా 6 అడుగుల దాకా, నిలువుగా 2 అడుగుల దాకా జరగవచ్చు. అంటే మనిషి నిలువెత్తు. ఆ కదలికను ఆపడం అసాధ్యమని ఒప్పుకోవడంతోనే డిజైన్ మొదలైంది. ఫాల్ట్ రేఖ స్టేడియం గుండ్రాన్ని ఉత్తరాన ఒకచోట, దక్షిణాన ఒకచోట కోస్తుంది. ఆ రెండు చోట్లా గ్యాలరీ భాగాన్ని మిగతా స్టేడియం నుంచి పూర్తిగా విడదీశారు. మందపాటి కాంక్రీటు పలక మీద విడి దిమ్మెలుగా కట్టారు. దిమ్మెల కింద ప్లాస్టిక్ షీట్లు పరిచారు. చుట్టూ ఖాళీ వదిలారు.

కోట్ల డాలర్ల కట్టడంలో ప్లాస్టిక్ షీట్ ఏం చేస్తుంది? ఘర్షణను తగ్గిస్తుంది. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి వాటి మీద అడ్డంగా ఒక అప్పడం పెట్టండి. అప్పడం రెండు అంచులనూ జిగురుతో పుస్తకాలకు అతికించి, ఒక పుస్తకాన్ని ముందుకు, రెండోదాన్ని వెనక్కు నెడితే అప్పడం విరుగుతుంది. అతికించకుండా ఊరికే ఆనించి ఉంచితే పుస్తకాలు జరుగుతాయి, అప్పడం కొంచెం తిరిగి నిలిచిపోతుంది. జిగురుంటే పుస్తకాలు దాన్ని లాగగలవు. లేకపోతే కింద నుంచి జారిపోతాయి.

స్టేడియంలోని ఆ దిమ్మెలదీ అదే స్థితి. కింద నేల చీలినప్పుడు దిమ్మె ముక్కలవకుండా ఒక్కటిగా జారుతుంది, కొంత తిరుగుతుంది. చుట్టూ వదిలిన ఖాళీ ఉంది కాబట్టి పక్కనున్న గ్యాలరీని గుద్దదు. భూకంపం తర్వాత అది వంకరగా కనిపించవచ్చు, మరమ్మతులు అవసరం కావచ్చు. లోపలున్నవాళ్లు ప్రాణాలతో బయటపడితే డిజైన్ గెలిచినట్టే.

పడమటి గ్యాలరీ మీద కట్టిన ప్రెస్ బాక్స్ మరో రకమైన సమస్య. ఫాల్ట్ రేఖ మీద కాకున్నా దానికి కూతవేటు దూరంలోనే ఉంది కనుక కుదుపు చాలా తీవ్రంగా ఉంటుంది. దాన్ని మోసే కాంక్రీటు గోడలను పునాదికి గట్టిగా బిగించేయకుండా, నిలువునా బిగువుగా లాగిన ఉక్కు తీగలతో కట్టి ఉంచారు. భూకంపం వస్తే ఆ గోడలు కొంచెం ఒరుగుతాయి. కుదుపు ఆగాక తీగల బిగువు వాటిని మళ్లీ నిటారుగా లాగుతుంది. తలాడించే తంజావూరు బొమ్మ ఎంత ఊగినా చివరికి తన చోటికి వచ్చినట్టు. ప్రెస్ బాక్స్‌కూ కింది గ్యాలరీకీ మధ్య డ్యాంపర్లు అమర్చారు. మోటారు సైకిల్ షాక్ అబ్జార్బర్ గతుకు శక్తిని నూనెలో వేడిగా మార్చినట్టే, ఇవి కూడా ఊపు శక్తిని మింగేస్తాయి.

ఇంత చేసినా కొలోసియంను తలపించే పాత బయటి గోడను మాత్రం కూల్చలేదు. 2006లోనే ఈ స్టేడియం అమెరికా జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేరింది. అందుకే గోడను నిలిపి ఉంచి, లోపలి పడమటి గ్యాలరీని తీసేసి కొత్తది కట్టారు. 2011 సీజన్‌లో జట్టు తన సొంత మ్యాచ్‌లను శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేస్‌బాల్ మైదానంలో ఆడుకుంది. 2012 సెప్టెంబరు 1న కొత్త స్టేడియం తెరుచుకుంది. ఆ రోజు నెవాడా జట్టు చేతిలో 31–24 తేడాతో బర్క్‌లీ ఓడిపోయింది.

సీట్ల మీద కట్టిన లెక్క

స్టేడియం పనికి 32.1 కోట్ల డాలర్లు ఖర్చయింది. పక్కనున్న శిక్షణ భవనాన్ని కలుపుకొంటే ఖర్చు 47 కోట్లు దాటింది. అందులో 44.5 కోట్లు అప్పే.

అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇలాంటి పనులకు బాండ్లు అమ్మి డబ్బు తెస్తాయి. బాండు కొన్నవాళ్లకు ఏటా వడ్డీ కట్టి, గడువు తీరాక అసలు చెల్లిస్తాయి. ఆ చెల్లింపులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూపించుకోవాలి. పన్నుల సొమ్మూ విద్యార్థుల ఫీజులూ ముట్టుకోబోమని, క్రీడా విభాగం తన ఆదాయంతోనే తీర్చేస్తుందని బర్క్‌లీ అధికారులు చెప్పారు.

ఆ ఆదాయానికి మూలం ఒక కొత్త పథకం. స్టేడియంలో మధ్యభాగాన ఉన్న, ఆట బాగా కనిపించే దాదాపు 3,000 సీట్లను 40 నుంచి 50 ఏళ్ల హక్కుతో అమ్మడం. ఒక్కో సీటు ధర 40 వేల డాలర్ల నుంచి 2.25 లక్షల డాలర్ల దాకా. ఒకేసారి కట్టవచ్చు, వాయిదాల్లోనూ కట్టవచ్చు. అలా వచ్చే సుమారు 27 కోట్ల డాలర్లను పెట్టుబడిగా పెట్టి, దాని మీద వచ్చే రాబడితో అప్పు తీరుస్తారు. మన ఊళ్లలో గుడికో బడికో భూమి రాసిచ్చి, ఆ పంట మీద నిత్య ఖర్చు నడిపే పద్ధతి లాంటిదే ఇది.

కాగితం మీద లెక్క సరిపోయింది. అయితే అది సరిపోవాలంటే చాలా జరగాలి. సీట్లన్నీ అమ్ముడుపోవాలి. కొన్నవాళ్లు దశాబ్దాల పాటు వాయిదాలు కడుతూ ఉండాలి. పెట్టుబడి మీద రాబడి అనుకున్నట్టు రావాలి. జట్టు గెలుస్తూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి జారినా మిగతావాటి మీద భారం పడుతుంది. ఫాల్ట్ దగ్గర దిమ్మెల మధ్య వదిలినట్టు ఇక్కడ ఖాళీ వదల్లేదు. ఒక అంచనాకు మరో అంచనాను జిగురుతో అతికించినట్టే ఉంది.

డబ్బు నేల కదిలింది

ముందు 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. లక్షల డాలర్ల సీటు కొనగలిగినవాళ్లే తమ పొదుపు కరగడం చూసి వెనకడుగు వేశారు. కాలిఫోర్నియా రాష్ట్ర బడ్జెట్ కుదేలైంది. 2009 నవంబరులో విశ్వవిద్యాలయ పాలకమండలి విద్యార్థుల ఫీజులను 32 శాతం పెంచింది. అదే నెలలో బర్క్‌లీ అధ్యాపకుల సభ క్రీడా విభాగానికి ఇస్తున్న సబ్సిడీలు ఆపాలని తీర్మానించింది.

2010 సెప్టెంబరులో బేస్‌బాల్, జిమ్నాస్టిక్స్ తదితర జట్లను ఎత్తేస్తున్నట్టు విశ్వవిద్యాలయం ప్రకటించింది. పక్కనే కోట్ల డాలర్ల స్టేడియం పని నడుస్తుండగా చిన్న క్రీడల విద్యార్థులకు ఆడే చోటు లేకుండా పోయే పరిస్థితి. పూర్వ విద్యార్థులు విరాళాలు పోగుచేసి ఆ జట్లను నిలబెట్టారు. రద్దు కాబోయిన ఆ బేస్‌బాల్ జట్టే 2011లో జాతీయ కాలేజీ ఫైనల్స్ దశ అయిన కాలేజ్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది.

కొత్త స్టేడియం తెరిచాక ఫుట్‌బాల్ జట్టు ఆట దిగజారింది. 2012లో 12 మ్యాచ్‌లలో మూడే గెలిచింది. 2013లో ఒకే ఒక్కటి. దీర్ఘకాల సీటు పథకం అనుకున్న లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయింది. 2017 చివర్లో వచ్చిన కొత్త పన్ను చట్టం, కాలేజీ ఆటల్లో సీటు హక్కు కోసం ఇచ్చే విరాళాలపై ఉన్న పన్ను రాయితీని కూడా తీసేసింది.

మైదానానికి పేరు పెట్టే హక్కు అమ్మి కొంత తెచ్చుకోవాలని చూశారు. 2013లో మొబైల్ గేముల సంస్థ కబామ్‌తో 15 ఏళ్లకు 1.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అది కొన్నేళ్లకే ముగిసింది. 2021 ఆగస్టులో క్రిప్టోకరెన్సీ ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్‌తో పదేళ్లకు 1.75 కోట్ల డాలర్లకు మరో ఒప్పందం జరిగింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. ఈ మధ్యలో కరోనా వచ్చి 2020 సీజన్ ఖాళీ గ్యాలరీల ముందు నడిచింది. బర్క్‌లీ దశాబ్దాలుగా ఆడుతున్న పశ్చిమ తీర జట్ల కూటమి 2023లో చెదిరిపోయింది. దేశానికి అటు చివరన ఉన్న అట్లాంటిక్ తీర కూటమిలో చేరాల్సి వచ్చింది. అదీ తొలి ఏళ్లలో టీవీ ఆదాయంలో పూర్తి వాటా రాదన్న షరతు మీద.

అసలు మిగిలే ఉంది

అప్పు తీర్చే క్రమాన్ని చూస్తే భూగర్భంలో జరుగుతున్నదే కళ్ల ముందు కనిపిస్తుంది. 2032 వరకు కట్టేది వడ్డీ మాత్రమే, ఏటా సుమారు 1.8 కోట్ల డాలర్లు. అంటే ఇరవై ఏళ్లలో వడ్డీకే దాదాపు 36 కోట్లు పోతాయి. అసలు తీర్చడం ఆ తర్వాతే మొదలవుతుంది. అప్పటి నుంచి ఏటి చెల్లింపులు పెరుగుతాయి. అప్పులో కొంత వందేళ్ల బాండ్ల రూపంలో ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ 2012లో 86 కోట్ల డాలర్ల మేర అలాంటి బాండ్లు అమ్మింది. స్టేడియం బాకీ పూర్తిగా తీరేది 2113లో.

వందేళ్ల బాండు దానంతట అది తప్పు కాదు. వడ్డీ రేట్లు తక్కువగా ఉన్నప్పుడు దీర్ఘకాలానికి తెచ్చుకుంటే ద్రవ్యోల్బణం వల్ల అసలు భారం క్రమంగా తేలికవుతుంది. గ్రంథాలయానికో ప్రయోగశాలకో ఇది మంచి పద్ధతే కావచ్చు. కానీ స్టేడియంలో గ్యాలరీలు, పైపులు, తెరలు, లైట్లు ముప్పై నలభై ఏళ్లకే మార్చాల్సి వస్తాయి. మొదటి మరమ్మతు బాకీ తీరకముందే రెండో మరమ్మతుకు అప్పు కావాల్సి రావచ్చు.

2018లో అప్పటి చాన్సలర్ క్యారల్ క్రైస్ట్ ఒక మార్పు ప్రకటించారు. స్టేడియం అప్పులో సగానికి పైగా భాగాన్ని, అంటే భూకంప భద్రత కోసమైన ఖర్చును, క్రీడా విభాగం నుంచి తప్పించి క్యాంపస్ మొత్తం మీదకు మార్చారు. క్యాంపస్‌లో మిగతా భవనాల భూకంప పనులకు డబ్బు విశ్వవిద్యాలయమే పెడుతున్నప్పుడు స్టేడియానికి మాత్రం క్రీడా విభాగాన్నే కట్టమనడం సమంజసం కాదన్నది వాదన. అందులో న్యాయం ఉంది. కానీ ఆట డబ్బుతోనే తీరుస్తామన్న మొదటి మాట అక్కడితో ముగిసింది. ఎప్పుడూ మ్యాచ్ చూడని రసాయనశాస్త్ర విద్యార్థి ప్రయోగశాలకు వెళ్లగలిగిన డబ్బులోంచి ఇప్పుడు స్టేడియానికీ వాటా పోతోంది.

అదే 2018లో కాకుండా 2008లోనే ఈ విభజన చేసి ఉంటే? ప్రాణరక్షణ ఖర్చు ఇంత, అది అందరిదీ. విలాసమైన సీట్ల ఖర్చు ఇంత, అది ఆటది. సీట్లు సగమే అమ్ముడుపోతే ఏం చేయాలి, జట్టు ఓడిపోతే ఏం తగ్గించుకోవాలి. ఇంజినీర్లు ‘నేల ఆరడుగులు జరిగితే’ అని అడిగినట్టే, ‘ఆదాయం సగానికి పడిపోతే’ అని లెక్క మొదట్లోనే వేసుకునే వీలుండేది. ఇంజినీర్లకు ఆ ప్రశ్న అడగక తప్పలేదు, ఎందుకంటే చట్టం అడగమంది, గోడ మీద అడుగు ఎడం కళ్ల ముందుంది. డబ్బు వైపు అలాంటి చట్టమూ లేదు, ముందుగా కనిపించే ఎడమూ లేదు.

ఇప్పటికైతే ప్లాస్టిక్ షీట్ల మీది దిమ్మెలకు పరీక్ష రాలేదు. శనివారాల్లో జనం వాటి మీద కూర్చుని కేకలు వేస్తూనే ఉన్నారు. కింద నేల ఏటా ఆ కొద్ది మిల్లీమీటర్లు జారుతూనే ఉంది. కందకాల్లో బయటపడిన గత ఐదు భూకంపాల మధ్య వ్యవధి కనిష్ఠంగా సుమారు 95 ఏళ్లు, గరిష్ఠంగా సుమారు 160 ఏళ్లు. 1868 నుంచి లెక్కిస్తే బాకీ తీరే 2113 నాటికి 245 ఏళ్లవుతుంది. పాత లెక్కే కొనసాగితే, విశ్వవిద్యాలయం తన అసలు పూర్తిగా చెల్లించేలోపే భూమి తన అసలు వసూలు చేసుకుంటుంది.